గంటస్తంభం వెనక అద్దాల మేస్త్రి, మా పెదనాన్న కత్తులు

విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో ఒక ఫోటో ఫ్రేముల షాపు ఉంది. బోర్డు మీద రంగు పోయి పేరు చదవడానికి రాదు. చుట్టుపక్కల ఎవరినైనా ‘అద్దాల మేస్త్రి కొట్టు’ అని అడిగితే చూపిస్తారు. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు కట్టించుకోవడానికే అక్కడికి ఎక్కువమంది వెళ్తారు. నేను మాత్రం 6 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల ఎత్తు, 8 అంగుళాల లోతు ఉన్న అద్దాల పెట్టె చేయించాను. మా పెదనాన్న యాభై ఏళ్ళకు పైగా పోగుచేసిన పాత ఆయుధాలు, ఆయన మెడల్స్ అందులో పెట్టాం. కాళ్ళ స్టాండు, రవాణా, బిగింపు అన్నీ కలిపి 47,000 రూపాయలైంది. ఇలాంటి పని ఎవరు చేస్తారో తెలియక నేను రెండు నెలలు తిరిగాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు పెదనాన్న గురించి చెప్పాలి. ఆయనది శ్రీకాకుళం దాటి, మడపాం వంతెన దాటాక వంశధార పక్కన ఉన్న ఊరు. 1964లో 19 ఏళ్ళ వయసులో ఆర్మీలో చేరారు. ఈఎంఈలో, అంటే సైన్యం యంత్రాలు, ఆయుధాలు బాగుచేసే విభాగంలో, ఆర్మరర్ ట్రేడు. అంటే తుపాకులు బాగుచేసే పని. సికింద్రాబాద్‌లో ట్రైనింగ్ అయ్యేటప్పుడు ఆదివారం సెలవు దొరికితే మిగతా కుర్రాళ్ళు సినిమాకి పోయేవారట, ఈయన సాలార్‌జంగ్ మ్యూజియానికి పోయేవారు. అప్పటికి మ్యూజియం ఇప్పుడున్న బిల్డింగులో లేదు, సాలార్‌జంగ్‌ల పాత భవనం దివాన్ దేవిడీలో ఉండేది. అక్కడ కత్తులు, డాళ్ళు చూస్తూ నిలబడిపోయేవాడినని ఇప్పటికీ చెబుతారు. 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దులో పనిచేశారు. 1988లో హవల్దారుగా రిటైరై ఊరికి వచ్చేశారు.

ఆయన మొదట కొన్నది ఒక కటారి. సెలవు మీద ఊరికి వస్తూ దారిలో పాత ఇనుము తూకానికి కొనే దుకాణంలో చూశారట. రెండు కడ్డీల మధ్య అడ్డ పట్టీలు ఉండి, పిడికిలి బిగించి పొడిచే బాకు అది. విరిగిన నాగటి కర్రుల మధ్య పడి ఉంది. “కిలో లెక్కన అమ్మేస్తున్నాడమ్మా. దాని మొన చూసినావా, అక్కడ దళసరిగా ఉంటాది. గొలుసు కవచాన్ని చీల్చడానికి అలగ చేసినారు. అంత ఆలోచించి చేసిన వస్తువుని కరిగించి మేకులు చేస్తారంటే ఎలగ వొగ్గేస్తాను?” అన్నారు ఒకసారి. అప్పటినుంచి జీతంలోంచి, తరవాత పెన్షన్‌లోంచి కొంటూనే ఉన్నారు. మొత్తం 23 వస్తువులు. సర్వీసులో వాడినవాటిలో ఒక్క మేకు కూడా ఇంటికి తేలేదు. ఆ మాట మాత్రం ఎవరు వచ్చినా ముందు చెబుతారు.

ఇవన్నీ ఇన్నేళ్ళు ఆయన మంచం కింద ట్రంకు పెట్టెలో, పాత లుంగీ గుడ్డల్లో చుట్టి ఉండేవి. ఈ ఏడాది ఆయనకి వెయ్యి పున్నములు నిండాయి. లెక్కకి 80 ఏళ్ళ 10 నెలలు. సహస్ర చంద్ర దర్శనం చేద్దామని అన్నయ్యలు అనుకున్నప్పుడు, శాలువాలు, దండలతో పాటు ఆయన జీవితాంతం దాచుకున్నవి నలుగురూ చూసేలా పెడదామని నేను అన్నాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. “నాను చేసినవి కావు కదా, నాకెందుకు సన్మానం?” అన్నారు. ఎవరూ పట్టించుకోనప్పుడు కాపాడినవాడివి నువ్వే కదా పెదనాన్నా అంటే ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఫోన్ చేసి పెట్టె ఎంత పొడవు ఉండాలో చెప్పారు.

అద్దాల మేస్త్రి దగ్గరికి వెళ్ళకముందు పెద్ద షోరూమ్ ఉన్న ఇంకో షాపుకి వెళ్ళాను. పేరు రాయను. ఎర్ర వెల్వెట్, లోపల ఎల్‌ఈడీ లైట్లు, ప్లైవుడ్ పెట్టె అన్నారు. శాంపిల్ చూపించడానికి ఒక కత్తి పట్టుకెళ్ళాను. నేను ఫోన్ మాట్లాడుతుండగా అక్కడి కుర్రాడు “కొత్తదానిలా చేసేస్తాం మేడమ్” అంటూ ఎమరీ పేపరుతో పిడి దగ్గర రుద్దేశాడు. బొటనవేలంత చోటు తళతళా మెరిసింది. మిగతా కత్తంతా ముదురు బూడిద రంగు. ఆ రంగులో నీటి అలల్లాంటి సన్నని గీతలు ఉంటాయి, ఎండలో వంచి చూస్తే కనబడతాయి. మన దేశంలో పూర్వం మూసల్లో కరిగించి చేసిన ఉక్కుకి ఉండే గుర్తు అది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో అలాంటి ఉక్కు ముద్దలు తయారైతే పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ కుర్రాడు రుద్దినచోట గీతలు లేవు. నాకు కాళ్ళు వణికాయి. కత్తి గుడ్డలో చుట్టుకుని బయటికి వచ్చేశాను. ఆ రాత్రంతా పెదనాన్నకి ఎలా చెప్పాలా అని టెన్షన్.

మా స్కూల్లో పనిచేసే అటెండరు అద్దాల మేస్త్రి సంగతి చెప్పారు. మేస్త్రికి యాభై ఐదేళ్ళు ఉంటాయి. కత్తి ఇస్తే ముందు చేతులు తుడుచుకుని, రెండు అరచేతుల మీద గుడ్డ వేసుకుని తీసుకున్నారు. అప్పుడే నాకు సగం ధైర్యం వచ్చింది. చేతి చెమటలో ఉప్పుంటుంది, వేలిముద్ర ఉన్న చోటే తుప్పు పడుతుందని తరవాత చెప్పారు. ఆ మెరిసే మచ్చ చూసి, ఎవరు చేశారని అడగలేదు. “దీన్ని కలపడానికి నేను ప్రయత్నించను టీచరుగారూ. కలపబోతే ఇంకాస్త పోతుంది” అన్నారు.

తరవాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించలేదు. “తుపాకీ ఏమైనా ఉందా? కాగితాలు ఉన్నాయా?” ఉంది. ఒక వత్తి తుపాకీ, ఐదడుగుల పొడవు. గొట్టం తుప్పు తిని చిల్లులు పడింది, నిప్పు అందే రంధ్రం ఎప్పుడో సీసంతో మూసేశారు. పాతకాలపుదై, బాగుచేసినా పేలని ఆయుధానికి 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అయినా పెదనాన్న అన్ని వస్తువుల జాబితా రాసి పోలీసు స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నారు. ఆ రసీదు కాపీ చూశాకే మేస్త్రి కొలతలు రాసుకున్నారు. మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే మీరూ ముందు ఆ పని చెయ్యండి.

ఇక పెట్టె సంగతి. ప్లైవుడ్ వద్దన్నారు. మూసి ఉన్న పెట్టెలో ఆ జిగురు ఆవిరి నెలల తరబడి తిరుగుతూ ఇనుముని తింటుందట. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలు ఆయన కొని దాచుకుంటారు. అరవై డెబ్బై ఏళ్ళు ఆరిన చెక్క. దాంతో చేశారు. ముందు అద్దం 6 ఎంఎం టఫెన్డ్. వెనక వైపు తలుపు, రెండు తాళాలు.

లోపల పరిచే గుడ్డ గురించి ఒక పూట మాట్లాడుకున్నాం. వెల్వెట్ రంగు దిగుతుంది, చెమ్మ పట్టి ఉంచుకుంటుంది. ఉన్ని గుడ్డ వేస్తే వెండి నల్లబడుతుంది. రంగు వెయ్యని నూలు గుడ్డ కావాలి, గంజి ఉండకూడదు, గంజికి పురుగు వస్తుంది. “పొందూరు ఖద్దరు అయితే?” అన్నాను. మేస్త్రి ముఖం వెలిగిపోయింది. మా పెదనాన్న ఎప్పుడూ కట్టేది పొందూరు పంచే. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో వడికి నేసే గుడ్డ అది. మా జిల్లా ఆయన, మా జిల్లా గుడ్డ. మూడు మీటర్లు తెప్పించి, సబ్బు లేకుండా మూడుసార్లు ఉతికి ఆరేసి ఇచ్చాను. ఇప్పుడు ఆ తెల్లటి గుడ్డ మీద నల్లటి ఇనుము ఎంత స్పష్టంగా కనబడుతుందో, ఎర్ర వెల్వెట్ ఎందుకు వద్దన్నారో చూడగానే అర్థమవుతుంది.

ఇత్తడి కొక్కేలకు నూలు దారం చుట్టారు. చెమ్మలో ఇత్తడి, ఇనుము నేరుగా తగిలి ఉంటే ఇనుముకి తుప్పు ముందు పడుతుందట. కత్తులు తోలు ఒరల్లో పెట్టలేదు. తోలు శుద్ధి చెయ్యడానికి వాడే సరుకే కత్తిని పాడుచేస్తుంది కాబట్టి ఒర ఒకచోట, కత్తి దాని కిందన. కింద సన్నటి సొరుగులో సిలికా జెల్. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే తీసి సన్నని సెగ మీద ఆరబెట్టి మళ్ళీ పెట్టాలి. వంశధార పక్క ఊరు, వానాకాలం గోడలే చెమరుస్తాయి, ఇది లేకపోతే పెట్టె చేసి లాభం లేదన్నారు. మా పెద్దమ్మ ఇన్నేళ్ళూ కత్తులకి కొబ్బరి నూనె రాసేది, అది గడ్డకట్టి జిగురై దుమ్ము పట్టింది. దాన్ని గుడ్డతో ఓపికగా తీసి, పల్చగా మైనం పూశారు. అంతే. చింతపండు లేదు, బ్రాసో లేదు, ఎమరీ లేదు.

డాలు విషయంలో మా పెద్దన్నయ్యకి, మేస్త్రికి చిన్న వాదన అయింది. తోలు డాలు మీద నాలుగు ఇత్తడి బొడిపెలు ఉండాలి, ఒకటి ఊడిపోయింది. ఇత్తడి పనికి పేరున్న బుడితి మాకు దగ్గరే కదా, అక్కడి పనివాళ్ళ చేత నాలుగోది పోయిద్దామని అన్నయ్య. వద్దని మేస్త్రి. పెదనాన్నకి ఫోన్ చేస్తే ఆయనా వద్దనే అన్నారు. లోపల పట్టుకునే పిడిని బిగించిన మేకుల మీద మూతలా ఉండేవే ఆ బొడిపెలు. ఒకటి లేదు కాబట్టే పిడి ఎలా బిగించారో బయటినుంచి కనబడుతోందట. అది పిల్లలకి చూపించాలన్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది చీటీల పని. ప్రతి వస్తువు పక్కన పేరు చీటీ ఉండాలి కదా. నేను నెట్‌లో చూసి కొన్ని రాసిచ్చాను. మేస్త్రి చదివి పక్కన పెట్టేశారు. “ఇవి ఎవరైనా రాస్తారు. బాబుగారు చెప్పింది రాద్దాం” అన్నారు. ఒక ఆదివారం నా ఖర్చు కాదు, తన ఖర్చుతో బస్సెక్కి నాతో ఊరికి వచ్చారు. పొద్దున్న పదికి మొదలైతే దీపాలు పెట్టే వేళ దాకా పెదనాన్న చెబుతూనే ఉన్నారు, మేస్త్రి రూళ్ళ పుస్తకంలో రాసుకుంటూనే ఉన్నారు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పెదనాన్నని అలా కూర్చుని అడగలేదు. నాకు 46 ఏళ్ళు. నేనూ అడగలేదు.

అప్పుడు తెలిసింది ఎన్నో. ఖుక్రీ ఆయన గూర్ఖా స్నేహితుడు ఇచ్చింది, 1973లో. దాని ఒరలోనే ఇంకో రెండు బుల్లి కత్తులు ఉంటాయి, కర్దా అని, చక్మక్ అని. ఒకటి చిన్న చిన్న కోతలకి, ఇంకోటి నిప్పు పుట్టించడానికి, పదును సరిచెయ్యడానికి. బయొనెట్ 1907 మోడల్. దాని అలుగు అసలు 17 అంగుళాలు ఉండాలి, తరవాత మన దేశంలో 12 అంగుళాలకి కోసి మొన మళ్ళీ తీర్చారు. ఆర్మరర్ కాబట్టి కోసిన చోటు వేలు పెట్టి చూపించగలిగారు. త్రీ నాట్ త్రీ రైఫిల్‌కి తగిలించేది అది. ఆయన చేరేసరికే 1962 యుద్ధం అయిపోయి, సైన్యం ఆ పాత రైఫిల్ నుంచి 7.62 ఎస్‌ఎల్‌ఆర్ అనే కొత్త రైఫిల్‌కి మారుతోంది. రెండూ విప్పి బిగించిన చేతులు ఆయనవి.

బొబ్బిలి మాట కూడా వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది మన దగ్గర? ఆయన దగ్గరున్న ఒక పట్టా కత్తిని అమ్మినవాడు తాండ్ర పాపారాయుడిదే అన్నాడట. మేస్త్రి ఉత్సాహపడి, అలా రాద్దామా అన్నారు. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టారు. “బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ఆ వీరుడంటే నాకు ప్రాణం. అందుకే రాయనివ్వను. రుజువు లేకుండా ఆయన పేరు వాడుకుంటే ఆయనకే తప్పు చేసినట్టు.” ఆ చీటీ మీద ఇప్పుడు ‘పట్టా కత్తి. పార్వతీపురం సంతలో కొన్నాను. ఎవరిదో తెలీదు’ అని ఉంది. ఇనప గుండు పక్కన ‘చెరువు పూడిక తీస్తుంటే దొరికింది. ఏ యుద్ధానిదో చెప్పలేను’ అని ఉంది. బొబ్బిలి నుంచి, 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగిన పద్మనాభం నుంచి వచ్చాయని చెప్పి అమ్మినవి ఇంకా ఉన్నాయి ఆయన దగ్గర. దేనికీ ఆ పేరు పెట్టలేదు.

రుద్దేసిన కత్తి సంగతి ఆ రోజే చెప్పాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. పెదనాన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. “గీతలు పైనే పోయినాయమ్మా. ఉక్కు లోపలంతా అవే గీతలు. తెలిసినవాడు పులుపు మందు రాస్తే మళ్ళీ తేలతాయి. ఇప్పుడేటీ చెయ్యొద్దు” అని నా చేతికి ఇచ్చారు. తరవాత మేస్త్రి వైపు తిరిగి, అది కూడా చీటీ మీద రాయమన్నారు.

లోపాలూ చెప్పాలి. జనవరి 10కి ఇస్తానన్న పెట్టె 21న ఇచ్చారు. నాకు ఇది నిజంగా బాధ కలిగించింది. జనవరి 14 మాజీ సైనికుల దినం. మన సైన్యానికి మొదటి భారతీయ కమాండర్-ఇన్-చీఫ్ కరియప్ప గారు 1953లో అదే రోజున రిటైరయ్యారు. ఆ రోజుకి పెట్టె ఇంట్లో ఉంటే, పెదనాన్నతో పనిచేసిన చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలని పిలుద్దామనుకున్నాను. పిలవలేకపోయాను. సంక్రాంతికి పనివాళ్ళు ఊళ్ళకి పోయారని మేస్త్రి అన్నారు, అది డిసెంబరులోనే తెలియాలి కదా. పైగా ఫోన్ ఎత్తరు. మూడుసార్లు స్వయంగా వెళ్ళి అడగాల్సి వచ్చింది.

రెండోది మెడల్స్ వరస. ఆరు మెడల్స్ ఉన్నాయి. జిగురు వాడకుండా రిబ్బన్లని గుడ్డకి కుట్టారు, ఎందుకంటే మెడల్ అంచు మీద సైనికుడి నంబరు, పేరు ఉంటాయి, అవి కనబడాలి. చాలా మంచి ఆలోచన. కానీ వరస తిరగేసి కుట్టారు. ఎదురుగా చూసేవాళ్ళకి ఎడమ చివర హోదాలో పెద్దది ఉండాలి. పశ్చిమి స్టార్, దాని పక్కన రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్, అలా. పెదనాన్న పెట్టె చూడగానే మొదట పట్టుకున్నది ఇదే. మేస్త్రి అక్కడే కూర్చుని రెండు గంటల్లో మళ్ళీ కుట్టారు. డబ్బులేమీ అడగలేదు. మీరు మెడల్స్ ఇస్తే వరస కాగితం మీద రాసి, ఫోటో తీసి ఇవ్వండి.

మూడోది, అద్దం మీద ఎదురు కిటికీ వెలుగు పడి మధ్యాహ్నం పూట సగం కనబడదు. మేం పెట్టిన చోటు వల్ల. మేస్త్రి ముందే అడగాల్సింది అనిపించింది.

తేవడం మాత్రం జాగ్రత్తగా చేశారు. పెట్టె ఖాళీగా టాటా ఏస్‌లో, వస్తువులు విడిగా మా కారులో. నాతవలస మీదుగా హైవే ఎక్కి, రణస్థలం, ఎచ్చెర్ల, శ్రీకాకుళం దాటి ఇల్లు చేరేసరికి మూడు గంటలు పట్టింది. మాది పాత పెంకుటిల్లు, మట్టి గోడ. ఆ బరువుకి గోడ ఆగదని ముందే వచ్చి చూసుకున్నారు కాబట్టి కాళ్ళ స్టాండు చేశారు. గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా నిలబడుతుంది, వెనక తలుపు తీయడానికి పెట్టెను పక్కకి జరపాలి. అది ఇద్దరు మనుషుల పని.

సహస్ర చంద్ర దర్శనం రోజు హోమం అయ్యాక అందరూ భోజనాలకి లేవాల్సింది పోయి పెట్టె ముందు నిలబడిపోయారు. ఆర్మీలో చేసిన ముసలాళ్ళు నలుగురు వచ్చారు. ఒకాయన బయొనెట్ చీటీ చదివి, తన చేతులతో గాల్లోనే రైఫిల్‌కి తగిలించి చూపించాడు. పెదనాన్న కొత్త పొందూరు పంచె కట్టుకుని, కుర్చీ పెట్టెకి పక్కగా వేయించుకున్నారు. దండలు వేస్తుంటే ముళ్ళ మీద ఉన్నట్టు ఉన్నారు గానీ, పిల్లలు వచ్చి ‘తాతా, ఈ వత్తి ఎలా వెలుగుతుంది?’ అని అడిగితే లేచి నిలబడి చెప్పారు. ఒకడు ఆ రుద్దిన కత్తి చీటీ పైకి చదివాడు: ‘నా దగ్గరున్నవాటిలో మంచి ఉక్కు ఇదే. పిడి దగ్గర మెరిసే మచ్చ గత డిసెంబరులో పడింది. తప్పు మా అమ్మాయిది కాదు.’

ఆ చివరి మాట నాకు తెలియకుండా రాయించారు.

వెళ్ళేవాళ్ళకి: పొద్దున్న పదిలోపు వెళ్తే మేస్త్రి దొరుకుతారు, మధ్యాహ్నం కట్టే పని మీద బయట తిరుగుతారు. సగం డబ్బు ముందు ఇవ్వాలి. చెప్పిన తేదీకి రెండు వారాలు కలిపి లెక్కేసుకోండి. మామూలు ఫోటో ఫ్రేములకి వేరే చోట తక్కువకే అవుతుందేమో, దానికి ఇక్కడికే రావాలని అనను. పాత వస్తువు, పెద్దవాళ్ళ వస్తువు అయితే మాత్రం ఇక్కడికే తీసుకెళ్ళండి. వీలైతే ఆ పెద్దవాళ్ళని కూడా.